పంపు మునెయ్య ప్రమాణం

తిరుపతి రైల్వే స్టేషను ముందరి టాక్సీ స్టాండులో ఆ రోజుల్లో పద్నాలుగు అంబాసిడర్ కార్లుండేవి. పదమూడు కార్ల డిక్కీల్లో స్టెప్నీ, జాకీ, నూనె గుడ్డలు ఉండేవి. పద్నాలుగో కారు డిక్కీలో వీటితోపాటు చేనుకు మందు కొట్టే పంపు ఒకటి ఉండేది. వీపుకు తగిలించుకుని, ఒక చేత్తో పిడి ఆడిస్తూ ఇంకో చేత్తో గొట్టం తిప్పుతూ వేరుశనగ చేలో పురుగుమందు చల్లుతారు చూడండి, అదే పంపు. ఆ కారు మునెయ్యది. అందుకే ఊరంతా అతన్ని పంపు మునెయ్య అనేది. ఉత్త మునెయ్య అనే పేరు రేషను కార్డులో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

పూతలపట్టు దగ్గరి పల్లెలో పాతికేళ్లు వచ్చేదాకా ఊరందరి చేలకూ కూలికి మందు కొట్టినవాడు మునెయ్య. పెళ్లయ్యాక భార్య గంగులమ్మకు అన్న అయిన గోవిందస్వామి తిరుపతికి పిలిచి, డ్రైవింగు నేర్పి, టాక్సీ ఇప్పించాడు. పల్లె విడిచేటప్పుడు మునెయ్య పెళ్లాన్నీ పంపునూ వెంట తెచ్చుకున్నాడు. బస్సులోకి ముందు ఎక్కించింది నన్నా, దాన్నా అని గంగులమ్మ ఇరవై ఏళ్లుగా అడుగుతూనే ఉంది. అడిగినప్పుడల్లా మునెయ్య పంపు తుడవడానికి పోతాడు.

అంబాసిడర్ కారు తిరుమల కొండ ఎక్కుతూ సగం దారిలో ఆవిర్లు కక్కడం అప్పట్లో వింతేమీ కాదు. డ్రైవర్లు మలుపులో కారాపి, బానెట్టెత్తి, బీడీ ముట్టించి, చెట్టు నీడన చతికిలబడేవాళ్లు. కారులోని భక్తులు మొదట గోవిందలు పెట్టేవాళ్లు, ఆనక డ్రైవరుకు శాపనార్థాలు పెట్టేవాళ్లు. ఓపిక లేని డ్రైవరెవడైనా కాలే ఇంజను మీద బిందెడు నీళ్లు గుమ్మరిస్తే అది ఫట్టున పగిలి ఊరుకునేది. మునెయ్య దారి వేరు. పంపు వీపుకు తగిలించుకుని, రేడియేటరు రేకుల మీద మంచు పడినట్టు సన్నగా తుంపర కొట్టేవాడు. పావుగంట తిరక్కుండా కారు మళ్లీ కదిలేది.

"పసిబిడ్డకు నీళ్లు తాపినట్ల తాపాల. మీరు గొంతులో బిందె బోర్లిస్తారు," అనేవాడు.

మంచి మాటే. కానీ మంచి మాటను మందు పంపు మోసుకుతిరిగేవాడు చెబితే ఎవడు వింటాడు? మునెయ్య కారెక్కితే తలలో పేలు కూడా చస్తాయని స్టాండంతా ఎకసెక్కాలాడింది. పంపును కుంకుడుకాయ రసంతో ఏడుసార్లు కడిగానని మునెయ్య మొత్తుకుంటే, "ఏడుసార్లు కడిగేంత ఇసం ఉండిందన్నమాట!" అని ఇంకా నవ్వారు.

స్టాండు నవ్వితే మునెయ్య పట్టించుకునేవాడు కాదు. గోవిందస్వామి నవ్వితేనే బాధపడేవాడు. రేణిగుంట రోడ్డులో షెడ్డు పెట్టిన గోవిందస్వామి ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగల మెకానిక్కు. నేర్పిన గురువు, ఇంటి అల్లుణ్ణి నిలబెట్టినవాడు. ఆయన పంపును చూసినప్పుడల్లా పెదవి విరిచి, "కారుకు జరం వస్తే తడిగుడ్డ ఏసే వైద్యుడివి బావా నువ్వు," అనేవాడు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ నోటితో "నీ పంపు పనికొచ్చింది బావా" అనిపించుకోవాలన్నదే మునెయ్య జీవితాశయం. కొందరికి మేడ మీద ఆశ ఉంటుంది, కొందరికి ముఖ్యమంత్రి పక్కన ఫోటో మీద ఉంటుంది. మునెయ్యకు ఈ ఒక్క వాక్యం మీద ఉండేది.

ఆ ఏడు మే నెలలో, కత్తిరి ఎండలు మండిపోతున్నప్పుడు, చిత్తూరు బెల్లం మండీ జయరావు కొడుక్కి కొండమీద పెళ్లి కుదిరింది. పెళ్లికన్నా ముందు జయరావు కారు వచ్చింది. విదేశం నుంచి ఓడలో మద్రాసుకు దిగిన కారది. నున్నగా, నల్లగా, నేలకు ఆనుకుని ఉండేది. దానిలో టర్బో అని ఒకటుందని, అది తిరిగితే కారు ఈల వేస్తుందని, ఈల వేసిందంటే ముందరున్న బస్సులన్నీ వెనకవుతాయని జయరావు కల్యాణపత్రికలు పంచుతూ ప్రతి ఇంట్లోనూ చెప్పాడు. పెళ్లికూతురు తరఫువాళ్లు మండపం ముందు నిలబడి కారు రాక కోసం చూస్తారట. పెళ్లికొడుకు సంగతి పత్రికలో ఎలాగూ ఉంది.

ముహూర్తం తొమ్మిదిన్నరకు. ఎనిమిదికల్లా బండ్లు అలిపిరి చేరాయి. నల్లకారులో జయరావు, పెళ్లికొడుకు, మద్రాసునుంచి కారుతోపాటు వచ్చిన తెల్ల యూనిఫారం డ్రైవరు రాజారత్నం. దాని వెనక మునెయ్య అంబాసిడరు. అందులో పురోహితుడు, ఫోటోగ్రాఫరు, జయరావు తల్లి శకుంతలమ్మ, ఆమె పట్టుచీర నలక్కుండా ఎలాగోలా సర్దుకున్న మరో ఐదుగురు ఆడవాళ్లు.

శకుంతలమ్మ అలిపిరిలో కారు దిగి, బుట్టలోంచి ఒక మాల తీసింది. మాల అంటే మాలా అది! చేయి లావున చామంతి, మధ్య మధ్య మరువం, నాలుగు పేటలు. మనవడి పెళ్లికారుకు వేస్తానని మొక్కుకుందట. ఈ దీపం నుంచి ఆ దీపం దాకా కారు ముఖం కనబడకుండా కట్టించింది. కొబ్బరికాయ కొట్టింది. మా జిల్లాలో బండికి దేవుడి పేరు మీద మాల కడితే అది వాడి ఎండిందాకా విప్పకూడదు. ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

మొదటి మలుపు దాకా నల్లకారు ఈల వేసుకుంటూ పోయింది. రెండో మలుపులో ఈల సన్నగిల్లింది. ఇంకొంత ఎక్కాక గొంతు పోయిన పాటగాడిలా గురగురమని, ఒక్క మర్రిమానూ లేని చోట నీడ కోసం వెతికినట్టు రోడ్డు వారకు జరిగి ఆగిపోయింది. అప్పుడు ఎనిమిది యాభై.

"ఏమైందప్పా?" అన్నాడు జయరావు, చేతి గడియారం చూసుకుంటూ.

రాజారత్నం బానెట్టెత్తి చెమట తుడుచుకున్నాడు. "ఇంజను కాగింది సార్. దానికంటే ముందు ఇంటర్‌కూలరు కాగింది."

"అదెవరు?" అంది శకుంతలమ్మ, వెనక కారులోంచి తల బయటపెట్టి.

రాజారత్నం దగ్గరికొచ్చిన మునెయ్యను చూసి, డ్రైవరుకు డ్రైవరు చెప్పుకున్నట్టు చెప్పాడు. "అన్నా, ఈ ఇంజన్లోకి గాలి ఊరికే పోదు. ఒక చక్రం గాలిని అదిమి లోపలికి తోస్తాది. సైకిలు పంపు కొట్టేటప్పుడు అడుగు కాలుతాది గదా? అట్లే అదిమిన గాలి కాగిపోతాది. కాగిన గాలికి సత్తువ ఉండదు. అందుకని దాన్ని సల్లార్చేదానికి ముందర ఈ రేకుల పెట్టె పెట్టినారు. ఇదే సల్లారకపోతే కారు కొండెక్కదు."

మునెయ్య ముఖం వెలిగిపోయింది. "అంటే దీనికి రెండు రేడియేటర్లన్నమాట! ఒకటి నీళ్లకు, ఒకటి గాలికి!"

"అంతే అన్నా."

"అట్లయితే నిలబడు. యాడికీ పోవద్దు," అన్నాడు మునెయ్య, ఆ కారు ఎక్కడికో పోగలిగినట్టు.

పెళ్లికొడుకు మెల్లగా, "నాయనా, నేను అంబాసిడర్లో పోతా," అన్నాడు. అతనికి పెళ్లి కావాలి, పాపం. జయరావు ఉరిమి చూశాడు. "ఆడ ఊరంతా కారు కోసం కాసుకోనుంటే నువ్వు తొమ్మిదిమంది నడుమ నలిగి దిగుతావా? కూసో!"

మునెయ్య పంపు తగిలించుకుని వచ్చేసరికి రేకుల పెట్టె కనబడలేదు. మాల అడ్డం. దారం తెంపబోతే శకుంతలమ్మ కేకేసింది. "ఒరే, దేవుడి మాల తెంపితే నీ చేతులు పడిపోతాయి!" తెంపకుండా ముడులు విప్పాడు; ముహూర్తం తలుచుకుని ఆమె ఇక అడ్డుచెప్పలేదు. నేల మీద పెట్టబోతే పురోహితుడు కేకేశాడు. రోడ్డు వార పిట్టగోడ మీద వేయబోతే కోతులు రెండు అప్పటికే ముందుకొచ్చాయి. చివరికి ఏమీ తోచక తన మెడలోనే వేసుకున్నాడు. నాలుగు పేటల చామంతి మాల మోకాళ్ల దాకా వేలాడుతుండగా, వీపున మందు పంపుతో, తెల్లవాడి కారు ముందు వంగి పిడి ఆడించడం మొదలుపెట్టాడు. ఫోటోగ్రాఫరుకు పొద్దున్నుంచి ఇంత మంచి దృశ్యం దొరకలేదు. క్లిక్కుమనిపించాడు.

తుంపర పడగానే రేకులు సుయ్యిమన్నాయి. కాసేపటికి సుయ్యిమనడం మానాయి. రాజారత్నం స్టార్టు చేశాడు. మునెయ్య పంపుతో సహా ముందు సీటెక్కి, గొట్టం కిటికీలోంచి బయటపెట్టి, రెండు మూడు మలుపుల్లో తానే ఆపించి, దిగి కొడుతూ పోయాడు. అంబాసిడరును ఎవరు నడిపారంటారా? ఫోటోగ్రాఫరు నడిపాడు. అతనికి వచ్చా అని అడిగే తీరిక ఆ వేళ ఎవరికీ లేదు. నల్లకారు ఈల వేస్తూ తొమ్మిదీ ఇరవైకి మండపం ముందు నిలబడింది. అందులోంచి మొదట మాల వేసుకున్న మునెయ్య దిగేసరికి పెళ్లికూతురు మేనత్త అతని మీదే అక్షింతలు చల్లింది.

ఆ తరువాత నెలరోజులు మునెయ్యకు పట్టపగ్గాల్లేవు. జయరావు పెళ్లి పంక్తిలోనే లేచి, "నా కొడుకు పెళ్లి జరిగింది వెంకన్న దయ, మునెయ్య నీళ్లు," అని చాటాడు. జరీ పంచె కప్పాడు. స్టాండులో ఎకసెక్కాలాడిన నోళ్లే మునెయ్యన్నా అని పిలిచాయి. ఐదుగురు డ్రైవర్లు పంపులు కొన్నారు. ఇంతమందికి తిరుపతి నడిబొడ్డున చేలెక్కడున్నాయా అని పురుగుమందుల అంగడాయన తల గోక్కున్నాడు. ఫోటోగ్రాఫరు ఇచ్చిన ఫోటోను మునెయ్య ఫ్రేము కట్టించి నడింట్లో, దేవుడి పటానికి జానెడు కింద తగిలించాడు. జానెడు కిందైనా పెట్టినందుకు సంతోషమంది గంగులమ్మ.

ఒక ఆదివారం గోవిందస్వామి భోజనానికి వచ్చాడు. మునెయ్య ఫోటోకు ఎదురుగా పీట వేశాడు. ఈ పూట ఆ మాట వస్తుందనుకున్నాడు. గోవిందస్వామి సంగటి, వేరుశనగ ఊరుబిండి తిన్నాడు. చేయి కడుక్కున్నాడు. ఫోటో ముందు నిలబడి, కళ్లజోడు తుడిచి పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"బావా, నీ మెడలో ఈ మాల యాడిది?"

"కారుది. అడ్డమొస్తే తీసి ఏసుకున్యా."

"కారుకు యాడ కట్టినారు?"

"ముందర. ఈ దీపం కాన్నించి ఆ దీపం దాకా."

గోవిందస్వామి తలాడించాడు. ఆ తలాడింపు మునెయ్యకు బాగా తెలుసు. జబ్బు దొరికినప్పుడు ఆడించే తల అది. "ముక్కు మూస్తే మనిషైనా కొండెక్కలేడు బావా. గాలి పొయ్యే దారికి నాలుగు పేటల మాల కట్టినారు, కారు ఆగింది. నువ్వు మాల తీసినావు, కారు ఎక్కింది. నువ్వు నీళ్లు కొట్టకపోయినా ఎక్కేదే."

ఇరవై ఏళ్ల ఆశ ఇలా నడింట్లో బోర్లాపడితే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? మునెయ్య లేచి నిలబడ్డాడు. "నీళ్ల వల్లనే ఎక్కింది! కాణిపాకం వస్తావా? ప్రమాణం చేస్తా!"

ఆ మాట వినగానే గంగులమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. చిత్తూరు సీమలో ఏ తగవైనా కోర్టుకు పోతే ఇరవై ఏళ్లు, కాణిపాకం పోతే ఒక్క మునక. తడిబట్టలతో వినాయకుడి ముందు అబద్ధం చెప్పినవాడు బాగుపడిన దాఖలా లేదని ఇక్కడివాళ్ల నమ్మకం. అందుకే ఆ పేరును ఎవరూ ఊరికే ఎత్తరు.

"వస్తా. శుక్రవారం నా జీపులోనే పోదాం," అన్నాడు గోవిందస్వామి చల్లగా.

సోమవారం, మంగళవారం మునెయ్య స్టాండులో హుషారుగానే ఉన్నాడు. బుధవారం సగం సంగటి వదిలేశాడు. రేకులు సుయ్యిమన్నది తన చెవులతో విన్నాడు. అది నిజం. మాల తీసింది తన చేతులతో. అదీ నిజమే. ఏది ముందు, ఏది వెనక, ఏది లేకపోతే ఏమయ్యేది? ఆ మలుపును మనసులో వందసార్లు ఎక్కాడు. వందసార్లూ మాల తీసే పంపు కొట్టాడు. మాల ఉండగా పంపు కొట్టిన మునెయ్య ఒక్కడూ కనబడలేదు.

"ఏంది, సంగటి రుచిగా ల్యా?" అంది గంగులమ్మ.

"మే, మీయన్న సెప్పేదే నిజమైతే?"

గంగులమ్మ ఎప్పుడూ లేనిది ఎగతాళి చేయకుండా పక్కన కూర్చుంది. "నీకు తెలిసిందానికి ప్రమాణం చెయ్యి. తెలీందానికి చెయ్యొద్దు. దేవుడు నీ తెలివి అడగడు, నిజం అడుగుతాడు."

శుక్రవారం గోవిందస్వామి జీపులో ముగ్గురూ కాణిపాకం పోయారు. మునెయ్య పంపును కూడా ఎక్కించాడు. ఎందుకని గోవిందస్వామి అడిగితే, "సాచ్చికం," అన్నాడు. ఈసారి గంగులమ్మ బస్సు సంగతి ఎత్తలేదు.

గుడి దగ్గర గంగులమ్మ పూల అంగట్లో ఒక మాల తీసుకుని, అన్న వద్దనేలోగా జీపు ముందర కట్టించి హారతి ఇప్పించింది. దేవుడి దగ్గరికి వచ్చి బండిని బోసిముఖంతో తీసుకుపోతామా అంది. నాలుగు పేటలు కాదు, రెండే. కానీ పెద్దపేటలు. గోవిందస్వామి ఒకసారి మాలను చూశాడు, ఒకసారి మునెయ్యను చూశాడు, గుళ్లోకి నడిచాడు. వాడిందాకా విప్పకూడదని ఆయనకూ తెలుసు.

మునెయ్య కోనేట్లో మునిగి, నీళ్లోడుతూ సన్నిధికి వచ్చాడు. పూజారి ముప్పై ఏళ్లుగా గట్టు తగాదాలూ కోళ్ల దొంగతనాలూ విన్నవాడు. "దేన్ని గురించి ప్రమాణం, నాయనా?"

"ఇంటర్‌కూలరు గురించి సామీ."

"ఆయన మీకు ఏమవుతాడు?"

గోవిందస్వామి దగ్గాడు. మునెయ్య దేవుడివైపే తిరిగి చేతులు జోడించాడు.

"సామీ, మాల తీసింది నేనే. నీళ్లు కొట్టిందీ నేనే. కారు కొండెక్కింది. దేనివల్ల ఎక్కిందో నాకు తెలీదు. నీళ్ల వల్లనే అని నెలరోజులు ఊరంతా సెప్పుకోని తిరిగినా. మా బావ సెప్పింది నిజమై ఉండొచ్చు. ఇంతే నాకు తెలిసింది."

చెప్పాక అతనికి ఏడుపు వచ్చింది. తల మీది నీళ్లు ఎలాగూ కారుతున్నాయి గనుక ఎవరికీ తెలియలేదు, గంగులమ్మకు తప్ప. గెలిచిన గోవిందస్వామి ముఖంలో గెలుపు లేదు. వాదించడానికి ఆయన ఐదు రోజులుగా కూడబెట్టుకున్న మాటలన్నీ అక్కరకు రాకుండా పోయాయి.

ముగ్గురూ తిరుగుదారి పట్టారు. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద తారు కరుగుతోంది. పాకాల దాటాక పొడుగాటి మిట్ట ఒకటి వచ్చింది. జీపు దాన్ని మూడో గేరులో మొదలుపెట్టి, రెండుకొచ్చి, ఒకటికొచ్చింది. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి బుసకొట్టింది. గోవిందస్వామి బండి ఆపి, స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. తిరుపతిలో ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే మెకానిక్కు ఆయన. చప్పుడు వినాల్సిన పని కూడా లేదు. జబ్బు ఎదురుగా రెండు పేటలుగా వేలాడుతోంది.

రోడ్డునే చూస్తూ అడిగాడు. "బావా, ఆ పంపులో నీళ్లు ఉండాయా?"

"నిండా ఉండాయి."

మునెయ్య పంపు తగిలించుకుని జీపు ముందుకు వచ్చాడు. గొట్టం ఎత్తి, మాల దగ్గర ఆగిపోయాడు. మాల అలాగే ఉంచి ఉత్త నీళ్లు కొడితే ఇప్పుడే తేలిపోతుంది. నీళ్లు కొట్టకుండా ఉత్త మాల తీసినా తేలిపోతుంది. గోవిందస్వామి కూడా దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయనకూ అదే ఆలోచన వచ్చిందని ముఖమే చెబుతోంది.

"యాది ముందు చెయ్యమంటావు బావా? నువ్వే సెప్పు," అన్నాడు మునెయ్య.

లోపలినుంచి గంగులమ్మ అరిచింది. "ఎండకు మాడి సస్తాండాము. రెండూ చెయ్యండబ్బా!"

గోవిందస్వామి వంగి, మాల దారం తెగకుండా మెల్లగా ముడులు విప్పాడు. రెండు చేతుల్లో పట్టుకుని, ఎక్కడ పెట్టాలా అని నేలవైపు చూశాడు, జీపు వైపు చూశాడు. తరువాత దాన్ని మునెయ్య మెడలో వేశాడు. వేసేటప్పుడు అతని ముఖం చూడలేదు. భుజం మీద మడత పడితే మాత్రం సరిచేశాడు.

"ఊ, కొట్టు," అన్నాడు.

ఇరవై ఏళ్లుగా ఎదురుచూసిన వాక్యం అది కాదు. అయినా మునెయ్యకు ఇంక ఏ లోటూ అనిపించలేదు. పిడి ఆడించాడు. రేకులు సుయ్యిమన్నాయి. ముల్లు ఎప్పుడో కిందికి దిగింది, గోవిందస్వామి చూశాడు కూడా. అయినా పంపులో నీళ్లు అయిపోయేదాకా ఆపమని అనలేదు.